హార్జ్ అడవి: గనుల వారసత్వం

ఉత్తర జర్మనీలోని హార్జ్ పర్వతాలను కప్పిన స్ప్రూస్ అడవిని అనాది ప్రకృతిగా భావించడం పరిపాటి. 1,141 మీటర్ల బ్రోకెన్ శిఖర పరిసరాల్లో ఆ వృక్షం సహజమే. దిగువ వాలుల్లో మాత్రం అది గనుల చరిత్రకు సాక్ష్యం. గోస్లార్ చెంతనున్న రామెల్స్‌బెర్గ్ గని వెయ్యేళ్లకు పైగా పనిచేసి 1988లో మూతపడింది. సొరంగాల ఆసరా దుంగలకూ, లోహపు కొలుములకు కావలసిన బొగ్గుకూ బీచ్ వృక్షాలు నేలకూలాయి. ఆ ఖాళీల్లో త్వరగా, నిటారుగా ఎదిగే స్ప్రూస్‌ను 18వ శతాబ్దిలో క్రమబద్ధంగా నాటారు. గనుల యంత్రచక్రాలను తిప్పిన చెరువులు, కాలువలు 2010లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. అదే ఆర్థికావసరం పెంచిన ఏకజాతి వనం 2018 కరవు తరువాత బెరడు పురుగు పాలై విస్తారంగా ఎండిపోయింది. అందువల్ల ఈ క్షయాన్ని కేవలం వాతావరణ విపత్తుగా కాక, గనుల యుగపు నిర్ణయాల ఫలితంగానూ పరిశీలించవలసి ఉంది. పునరుద్ధరించవలసినది ఏ కాలపు అడవిని అన్న ప్రశ్నకు సమాధానం అక్కడే మొదలవుతుంది.