కృష్ణ ఒడ్డున మజిలీలు

కాలినడకే ప్రయాణమైన రోజుల్లో కృష్ణా డెల్టా దారులు తెరుచుకునేది వానలు వెనకబట్టాకే. నల్లరేగడి తడిస్తే బండిచక్రం కదిలేది కాదు. శ్రావణ భాద్రపదాల్లో నది పొంగితే బెజవాడ దగ్గర ఆవలి ఒడ్డు చేరడం గండమే. బురద ఆరి, ఎండ మెత్తబడే శరదృతువులో యాత్రికులు, వర్తకులు బయల్దేరేవారు. దసరాకు ఇంద్రకీలాద్రి, కార్తీకంలో నదీస్నానాలు. గోల్కొండ నుంచి మచిలీబందరు రేవుకు పోయే దారి కూడా బెజవాడ మీదుగానే సాగేది. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ 1652లో ఇక్కడ ఆగి, గుళ్ల గురించి రాసుకున్నాడు.

దూరాన్ని ఆమడల్లో, ప్రయాణాన్ని మజిలీల్లో లెక్కపెట్టేవారు. మజిలీ అనిపించుకోవాలంటే ఊరు పెద్దదై ఉండనక్కర్లేదు. మంచినీళ్లు, చెట్టునీడ, వంటచెరకు, బియ్యం పప్పు దొరికే ఓ అంగడి ఉంటే చాలు. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’లో ఊరూరా పట్టి చూసింది సరిగ్గా వీటినే. మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ అల్లింది కూడా ఈ ఏర్పాటు మీదే: మజిలీకొక కథ.

బాటసారికి అన్నం దొరికే చోట్లు ముఖ్యంగా రెండు. ఒకటి ధర్మానికి పెట్టే సత్రం, రెండోది డబ్బు పుచ్చుకునే పూటకూళ్లిల్లు. డెల్టా అంచున సత్రానికి గొప్ప సాక్ష్యం 1261 నాటి మల్కాపురం శాసనం. రుద్రమదేవి కాలంలో విశ్వేశ్వర శివాచార్యులకు అందిన మందడం, వెలగపూడి గ్రామాల ఆదాయంతో మఠం, పాఠశాల, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం నడిచాయి. బ్రాహ్మణుడు మొదలు చండాలుడి దాకా వచ్చినవారందరికీ అన్నం పెట్టాలన్నది అందులోని కట్టడి. ఆరేడు వందల ఏళ్ల తర్వాత వెలసిన సత్రాలు చాలావరకు కులం పేరుతో బోర్డు కట్టుకున్నాయంటే, ఈ విషయంలో నడక ముందుకు సాగిందనలేం.

పూటకూళ్ల భోజనం ఎలా ఉండేదో పాత తెలుగు వీథి నాటకం ‘క్రీడాభిరామం’ చూపిస్తుంది. ఓరుగల్లులో లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. ధరతో సహా రాసిపెట్టిన ఇలాంటి పట్టీ మన పాత సాహిత్యంలో అరుదు. తర్వాతి కాలంలో ఈ వృత్తి కొందరు వితంతువులకు జీవనాధారమైంది. ‘కన్యాశుల్కం’లోని పూటకూళ్లమ్మ ఆ కోవలోదే.

నడకను మొదట తగ్గించింది రైలు కాదు, కాలవ. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఏలూరు, బందరు కాలవల్లో పడవలు తిరిగాయి. గాలి లేనప్పుడు గట్టుమీద మనుషులు నడుస్తూ తాళ్లతో లాగేవారు. లాకుల దగ్గర నీటిమట్టం సరిపడేదాకా ప్రయాణికులు కాచుకోవాల్సిందే, కాబట్టి మజిలీలు గట్లమీదికి జరిగాయి. రైలు అదీ ఉండనివ్వలేదు. 1889లో నిజాం రాజ్యం వైపు నుంచి లైను బెజవాడ చేరింది, 1893లో కృష్ణ మీద రైలువంతెన లేచింది, 1899లో మద్రాసుతో కలిసింది. రోజుల తరబడి సాగే దారి ఒక్క రాత్రికి కుదించుకుపోతే నడుమ ఊళ్లలో ఆగే పనేముంది? సత్రాలు స్టేషన్ల దగ్గరికి, పుణ్యక్షేత్రాలకు చేరాయి. పూటకూళ్లిళ్ల చోటును హోటళ్లు తీసుకున్నాయి.

జపాన్‌లో కథ వేరుగా నడిచింది. ఎదో (నేటి టోక్యో) నుంచి క్యోటోకు కొండల మీదుగా పోయే నకసెందో దారిలో 69 మజిలీ ఊళ్లుండేవి. రైలు వచ్చాక అవీ పాడుబడ్డాయి గాని, త్సుమగో ఊరివాళ్లు పాత ఇళ్లను అమ్మకుండా, అద్దెకివ్వకుండా, కూల్చకుండా కట్టుబాటు చేసుకున్నారు. 1976లో ప్రభుత్వ రక్షణా దక్కింది. ఇప్పుడు శరత్కాలపు ఎర్రాకుల కోసం అక్కడికి వెళ్లేది విహారయాత్రికులు. కృష్ణా తీరాన దారి సత్రాలు మిగల్లేదు గాని నడిచేవాళ్లు మిగిలారు. కార్తీకంలో మాల వేసుకున్న దుర్గమ్మ భక్తులు, భవానీలు, మార్గశిరంలో దీక్ష విరమణకు ఎర్రబట్టలతో, ఇరుముడితో జట్లుజట్లుగా బెజవాడకు నడిచి వస్తారు. వారికి అన్నం పెట్టేది రోడ్డు పక్కన దాతలు వేసే షామియానాలు. విరమణ ముగిశాక వాటిని విప్పేస్తారు.