గినీ-బిస్సావు: పంటల లెక్క నుంచి స్వాతంత్ర్యం దాకా

పశ్చిమ ఆఫ్రికాలో అట్లాంటిక్ సముద్రతీరాన గినీ-బిస్సావు అనే చిన్న దేశం ఉన్నది. ఉత్తరాన సెనెగల్, తూర్పు దక్షిణాల గినీ దీని సరిహద్దులు. విస్తీర్ణం 36,125 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో దాదాపు మూడో వంతు. జనాభా సుమారు 20 లక్షలు. రాజధాని బిస్సావు. అధికార భాష పోర్చుగీసు. కాని ఇంట్లో, బజారులో ఎక్కువగా వినిపించేది క్రియోల్.

మన కాళేశ్వరంలో గోదావరి, ప్రాణహిత కలిసి ఒక్క దిక్కుకే పారుతాయి. అక్కడి నదుల్లోకి మాత్రం సముద్రపు పోటు నీరు చాలా దూరం ఎదురెక్కుతుంది. ఆ ఉప్పునీటిని మట్టికట్టలతో ఆపి వరి పండించడం బలాంత రైతుల నేర్పు.

15వ శతాబ్దం మధ్యలో పోర్చుగీసువారు ఈ తీరానికి వచ్చారు. 1588లో కషేవులో స్థావరం ఏర్పరచుకున్నారు. అక్కడి నుంచి మనుషులను బానిసలుగా ఓడలకెక్కించి అమ్ముకున్నారు. లోపలి ప్రాంతాలు పూర్తిగా వారి చేతికి చిక్కింది 20వ శతాబ్దంలోనే.

ఈ దేశపు స్వాతంత్ర్య నాయకుడు ఒక ప్రభుత్వోద్యోగి కావడం మనకు ఆసక్తి కలిగించే విషయం. అమిల్కార్ కబ్రాల్ 1924లో బఫాతాలో పుట్టి, లిస్బన్‌లో వ్యవసాయశాస్త్రం చదివి, వలస ప్రభుత్వంలో ఉద్యోగంలో చేరాడు. 1953లో వ్యవసాయ గణన చేపట్టాడు. మన దగ్గర పట్వారీ పహాణీ రాసినట్టు ఊరూరా తిరిగి ఏ పంట ఎంత వేశారో నమోదు చేశాడు. సర్కారు కోసం రాసిన ఆ లెక్కలోనే రైతుల కష్టం ఆయనకు తెలిసింది. 1956లో సహచరులతో కలిసి విముక్తి పార్టీని స్థాపించాడు.

1959 ఆగస్టు 3న జీతాలు పెంచమని సమ్మె చేసిన బిస్సావు రేవు కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. దాదాపు 50 మంది చనిపోయారని చెబుతారు. 1963లో సాయుధ పోరాటం మొదలైంది. 1973 జనవరి 20న కబ్రాల్‌ను పొరుగు దేశపు రాజధాని కొనాక్రీలో కాల్చి చంపారు. అదే ఏడు సెప్టెంబరు 24న స్వాతంత్ర్యం ప్రకటించారు. మరుసటి ఏడు పోర్చుగల్ అంగీకరించింది. ఫలితం చూడటానికి ఆయన మిగలలేదు.

తరువాత కథ సుఖంగా సాగలేదు. 1980లో సైనిక తిరుగుబాటు, 1998-99లో అంతర్యుద్ధం జరిగాయి. 2003లో మరో తిరుగుబాటు జరిగేనాటికి ప్రభుత్వోద్యోగులకు నెలల తరబడి జీతాలు లేవు. 2012లోను, 2025 నవంబరులోను సైన్యం మళ్ళీ అధికారం చేజిక్కించుకున్నది.

ఈ దేశానికి విదేశీ ఆదాయం ఎక్కువగా జీడిగింజల నుంచే వస్తుంది. బ్రెజిల్‌లో పుట్టిన జీడిమామిడిని మన దేశానికీ, ఆఫ్రికాకూ తెచ్చింది పోర్చుగీసువారే. అక్కడి గింజను పెంకుతోనే కొనే దేశాల్లో మనదీ, వియత్నామూ ముఖ్యమైనవి. మన శ్రీకాకుళం జిల్లా పలాస ఫ్యాక్టరీలకు సైతం ఆఫ్రికా గింజలు వస్తుంటాయి. గింజ కొట్టి పప్పు తీసే కూలి, దానిపై లాభం బయటి దేశాలకే పోతున్నాయి. అందుచేత గింజ ధర పడిపోతే అక్కడ రైతు ఇంటితోపాటు సర్కారు ఖజానా కూడా ఖాళీ అవుతుంది.

పింఛను ప్రభుత్వ దయ కాదు, హక్కు అని మన సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో చెప్పింది. అయితే ఖజానా నిలకడగా ఉండి, ప్రభుత్వాలు ఓటుతో మారుతున్న చోటనే అటువంటి హక్కు నెల నెలా చేతికి అందుతుంది. గినీ-బిస్సావు ఉద్యోగుల అనుభవం మనకు చెప్పే సంగతి ఇదే.