ఉదయగిరి కోట: దారి తెలిసినవాడిదే దుర్గం

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు: "అన్నా, పెరూలో మచ్చు పిచ్చుకి నాలుగు రోజులు కొండల్లో నడిచి పోతారంట, మనకి అలాంటివి లేవా?" అని. ఉంది తమ్ముడూ. మన నెల్లూరు జిల్లాలోనే ఉంది. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

నేను మైపాడు పక్కన పుట్టినవాణ్ణి. సముద్రం, ఇసుక, రొయ్యల గుంటలు, ఇదే నా లోకం. మా జిల్లాకి పడమటి వైపు అంత పెద్ద కొండలున్నాయని నాకు ఇంటర్ దాకా తెలియదు. నెల్లూరు నుంచి సుమారు వంద కిలోమీటర్లు పోతే ఉదయగిరి వస్తుంది. ఊరి వెనకే దుర్గం. ఎత్తు 3,079 అడుగులు. మొత్తం 13 కోటలు, కొండ మీద 8, కింద 5. కొన్నిచోట్ల కొండ అంచు గోడలాగా నిట్టనిలువుగా దాదాపు వెయ్యి అడుగులు ఉంటుంది.

మేం ముగ్గురం పోయాం. మొదటి రోజు చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. "మ్యాప్స్ ఉందిగా, మనకి తోడెందుకు" అనుకున్నాం. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తీసుకుని పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టాం. పదకొండింటికల్లా దోవ పోయింది. ఫోన్లో చూస్తే అంతా ఆకుపచ్చ రంగే, ఒక్క గీత లేదు. ముళ్ళపొదల్లో దూరి దూరి చివరికి ఒక బండ అంచుకి చేరాం. ముందుకి లోయ. వెనక్కి ఎట్లా వచ్చామో గుర్తు లేదు. సిగ్నల్ లేదు, నీళ్ళు అడుగంటాయి. మాలో ఒకడు భయంతో ఏడ్చేశాడు. గట్టిగా కేకలు పెడితే మేకలు కాసుకునే ఒక పెద్దాయన విని వచ్చాడు. మమ్మల్ని చూసి ఒకటే మాట: "యాడికి నాయనా? ఈ దోవన మేకలు కూడా రావు." కిందికి దింపి, "రేపు తెల్లారుజామున రాండి, నేను తీసకపోతా" అన్నాడు.

ఆ రాత్రి ఉదయగిరిలో పడుకున్నప్పుడు నాకు చదివిన చరిత్ర కొత్తగా అర్థమైంది. ఇప్పుడు అసలు కథలోకి వద్దాం.

సాళువ నరసింహరాయలు చనిపోయేముందు మూడు కోటలు తన చేతికి చిక్కలేదని బాధపడ్డాడని నూనిజ్ రాశాడు. నూనిజ్ అంటే 1530ల్లో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. రాయచూరు, కొండవీడు, ఉదయగిరి, ఇవీ ఆ మూడు కోటలు. అప్పటికి ఉదయగిరి ఒడిశా గజపతుల చేతిలో ఉంది. ఈ కోట ఎవరిదైతే కింద పెన్నా మైదానం మీద, కోస్తా మీద వాళ్ళ కన్ను ఉన్నట్టే.

1509లో రాజైన శ్రీకృష్ణదేవరాయలు 1513లో ఉదయగిరి మీదికి వచ్చాడు. నూనిజ్ లెక్క ప్రకారం 34,000 మంది కాల్బలం, 800 ఏనుగులు. లోపల ఉన్నది 10,000 మంది, 400 గుర్రాలు. ఇంత తేడా ఉన్నా ఎంతకాలం పట్టిందో తెలుసా? ఏడాదిన్నర! ఎందుకంటే పైకి పొయ్యేది ఒక్కటే దారి, అదీ ఒకరి వెనక ఒకరు నడిచేంత ఇరుకు. అట్లాంటి చోట 34,000 మంది ఉన్నా ముందు నిలబడేది ఒక్కడే కదా! అందుకని రాయలు ముందు కొండతో యుద్ధం చేశాడు. బండలు పగలగొట్టించి, ఆ ఇరుకు దారిని వెడల్పు చేయించి, ఇంకా కొత్త దారులు తీయించాడు. 1514లో కోట లొంగింది. ప్రతాపరుద్ర గజపతి బంధువులు కూడా బందీలయ్యారు.

ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు హంపి తీసుకుపోయి, గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఉంది. చెన్నై పోయినప్పుడు మాల్‌తో పాటు దాన్ని కూడా చూసి రండి. అది మన ఊరి కృష్ణుడే!

రెండో రోజు పెద్దాయన ముందు, మేం వెనక. చాలాసేపు ఒకరి వెనక ఒకరమే నడిచాం. ఒకచోట దారి ఉన్నట్టుండి వెడల్పైంది, నలుగురం పక్కపక్కన నడిచాం. "ఈడ ఏనుగులు ఎక్కినాయంట" అన్నాడాయన. నాకు ఒళ్ళు జలదరించింది. ఆయన నూనిజ్‌ని చదవలేదు. వాళ్ళ నాయన చెప్పాడంట, అంతే.

పైన కూలిన గుళ్ళున్నాయి, కోనేరుంది, మసీదుంది. గోల్కొండ కాలంలో, 1642-43 ప్రాంతంలో షేక్ హుస్సేన్ ఆ మసీదు కట్టించి తోట వేయించాడని పారశీ శాసనాలు చెబుతున్నాయి. ఆ తర్వాత జాగీర్దార్లు వచ్చారు. 1839లో కుట్ర పేరు చెప్పి చివరి జాగీర్దారుని ఈస్టిండియా కంపెనీ పంపించేసింది. ఒక గుడిలో మాత్రం నిలువెత్తు గుంత కనిపించింది. గుప్తనిధుల కోసం ఎవరో తవ్వారు. పెద్దాయన దాని వైపు చూడకుండా నడిచిపోయాడు.

ఇప్పుడు పెరూ సంగతి. 1911లో హిరామ్ బింగ్‌హామ్ మచ్చు పిచ్చుని కనిపెట్టాడని చదువుకున్నాం. నిజానికి ఆయన్ని కొండ మీదికి తీసుకుపోయింది మెల్చోర్ ఆర్తేగా అనే స్థానిక రైతు. పైన శిథిలాల్లో తిప్పి చూపించింది ఒక చిన్న పిల్లాడు. ప్రపంచానికి తెలియకపోయినా వాళ్ళకి తెలుసు. ఇప్పుడు ఆ ఇన్కా దారిలో లైసెన్సు గైడు లేకుండా అడుగు పెట్టనివ్వరు. రోజుకి 500 మందికే అనుమతి, అందులో గైడ్లు, మోత కూలీలు కూడా లెక్కే. దారి తెలిసినవాడికి అక్కడ జీతం ఉంది.

దిగేటప్పుడు పెద్దాయన్ని అడిగాను, "మీ తర్వాత ఈ దోవ ఎవరికి తెలుసు తాతా?" అని. "మావాడు బెంగళూర్లో ఉండాడు నాయనా. వాడికి ఈడ ఏం పని?" అన్నాడు.

పద్దెనిమిది నెలలు బండలు కొట్టి తీసిన దారి ఫ్రెండ్స్. దాన్ని నాకు చూపించింది ఒక్క ముసలాయన. నేను దారంతా ఫోన్లో రికార్డు చేసుకున్నాను, కానీ వర్షాకాలం వస్తే పొదలు మళ్ళీ కమ్మేస్తాయి. దోవ ఉండాలంటే మనుషులు నడవాలి. మీరు పోతే ఊళ్ళో మనిషిని తోడు తీసుకోండి, బేరం ఆడకుండా కూలి ఇవ్వండి, నీళ్ళు ఎక్కువ పెట్టుకోండి, గోడల మీద పేర్లు రాయొద్దు. తిరిగి వచ్చేటప్పుడు ఉదయగిరి చెక్క గరిటెలు ఒకటో రెండో కొనుక్కోండి, మా అమ్మకి తెగ నచ్చాయి.

మీ ఊరి దగ్గర ఇట్లాంటి దోవ తెలిసిన పెద్దవాళ్ళుంటే కామెంట్లో రాయండి. వాళ్ళతో కలిసి నడుద్దాం. ఉంటాను మరి.