చెరిపేయడానికే పెట్టిన గుర్తులు

తెలుగులో 'గుర్తు' అన్న మాట రెండు పనులు చేస్తుంది. గోడ మీద సుద్దతో గీసిందీ గుర్తే, మనసులో నిలిచి ఉన్నదీ గుర్తే. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌లైన్ మీద కనబడే చిన్న రంగు మార్కర్‌కి ఇంతకంటే సరిపోయే పేరు లేదు. ప్రీమియర్‌లో ఎమ్ నొక్కితే అది పడుతుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఐతే నంబర్ ప్యాడ్ మీది నక్షత్రం. పాట వింటూ దరువు పడ్డప్పుడల్లా ఆ మీట నొక్కుతూ పోతే, పాట అయ్యేసరికి లేయర్ మీద వరసగా గుర్తులుంటాయి. బొమ్మ ఎక్కడ కదలాలో, అక్షరం ఎక్కడ ఎగిరి రావాలో వాటిని బట్టి చూసుకోవచ్చు. ఇంత చిన్న పరికరానికి చరిత్రేముంటుంది అనిపిస్తుంది గానీ, దీని వయసు దాదాపు సినిమా వయసంత.

కంప్యూటర్ రాకముందు ఎడిటర్ చేతిలో మైనపు పెన్సిల్ ఉండేది. ఇవాన్ సెరూరియే తయారుచేసిన మూవియోలా 1924లో హాలీవుడ్ ఎడిటర్ల బల్లల మీదికి వచ్చింది. తర్వాత మన మద్రాసు ఎడిటింగ్ గదుల్లోకీ వచ్చింది. అందులో ఫిల్మ్ నడిపి, ఆపి, కత్తిరించాల్సిన ఫ్రేమ్ మీద పెన్సిల్‌తో గీత పెట్టేవారు. క్లాప్ బోర్డు చెక్కలు రెండూ కలిసిన ఫ్రేమ్ మీద ఒక గుర్తు, సౌండ్ ఫిల్మ్‌లో ఆ 'టప్' వినపడిన చోట ఇంకో గుర్తు. రెండూ ఎదురెదురుగా పెడితే పెదవీ మాటా కలిసినట్టే. అక్కర తీరాక గుడ్డతో తుడిస్తే గీత పోతుంది. పోవాలనే కదా మైనం వాడింది!

సంగీతం వాళ్ళకి ఈ అవసరం ఇంకా ఎక్కువ. తెర మీద తలుపు మూసుకునే క్షణానికే ఆర్కెస్ట్రాలో డ్రమ్ము మోగాలి. కండక్టర్‌కి ఎలా తెలుస్తుంది? హాలీవుడ్‌లో ఆల్ఫ్రెడ్ న్యూమన్ పేరుతో స్థిరపడిన పద్ధతి చాలా ముచ్చటగా ఉంటుంది. ఫిల్మ్ మీద మూడడుగుల పొడవున ఒక ఏటవాలు గీత గీకుతారు. అడుక్కి 16 ఫ్రేములు, సెకనుకి 24. అంటే మూడడుగులు సరిగ్గా రెండు సెకన్లు. ప్రొజెక్టర్‌లో ఆడిస్తే ఆ గీత తెర మీద ఎడమనుంచి కుడికి జరిగిపోతున్న నిలువు గీతలా కనబడుతుంది. అది కుడి అంచుకి చేరాక, చిల్లు పొడిచిన ఫ్రేము దగ్గర వెలుగు తళుక్కుమంటుంది. అదే తాళం. గుర్తు అంటే 'ఇక్కడ' అని చెప్పేదే కాదు, 'వస్తున్నా, కాచుకో' అని ముందుగా హెచ్చరించేది కూడా అని తెలిసిన మనుషులు వీళ్ళు.

థియేటర్‌లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌కీ ఇలాంటిదే ఉండేది. రీలు అయిపోయే ముందు తెర కుడివైపు పైమూలన ఓ చుక్క మెరిసి పోయేది. సుమారు ఎనిమిది సెకన్లు మిగిలి ఉండగా మొదటి చుక్క: రెండో ప్రొజెక్టర్ మోటార్ వెయ్యి. సెకను మిగలగా రెండోది: మార్చెయ్యి. హాలు నిండా జనం కళ్ళెదుటే ఆ చుక్క పడేది, కానీ అది వాళ్ళకోసం కాదు. ఒక్కడి కోసం పెట్టిన గుర్తు.

వీడియో టేపు వచ్చాక కథ మారింది. టేపుని వెలుతురుకి పట్టి చూస్తే బొమ్మ కనబడదు, ఇక పెన్సిల్ ఎక్కడ పెడతాం? 1967లో ఈకో అనే కాలిఫోర్నియా కంపెనీ టేపు మీది ప్రతి ఫ్రేముకీ గంట, నిమిషం, సెకను, ఫ్రేము అంటూ నంబరిచ్చే పద్ధతి తెచ్చింది. కొన్నాళ్ళకి సింప్టీ అనే ఇంజినీర్ల సంఘం దాన్ని ప్రమాణం చేసింది. అదే టైమ్‌కోడ్. అమెరికా రంగుల టీవీ సెకనుకి 30 కాకుండా 29.97 ఫ్రేములతో నడిచేది కాబట్టి లెక్క గడియారంతో కలవలేదు. అందుకని ప్రతి నిమిషం మొదట్లో రెండు నంబర్లు వదిలేసి, ప్రతి పదో నిమిషంలో మాత్రం వదలకుండా సర్దారు. గంటకి 108 నంబర్లు మాయం. ఫ్రేములు ఎక్కడికీ పోవు, పేర్లే పోతాయి. 25 ఫ్రేముల పాల్ పద్ధతి వాడిన మన దూరదర్శన్‌కి ఈ గొడవ లేదు.

టైమ్‌కోడ్‌తో గుర్తు వస్తువు నుంచి విడిపోయింది. మైనపు గీత ఫిల్మ్ మీదే ఉండేది. ఫిల్మ్ ఎక్కడికి పోతే గీతా అక్కడికే. నంబరు ఐతే కాగితం మీద కూడా ఉండగలదు. 1989లో ఎవిడ్, 1991లో ప్రీమియర్, 1993లో ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వచ్చేనాటికి రెండు రకాలూ కావలసివచ్చాయి. ఇప్పటికీ ఈ సాఫ్ట్‌వేర్లలో మార్కర్లు రెండు జాతులు. క్లిప్పుకో, లేయర్‌కో అంటుకుని దాంతోపాటు కదిలేది ఒకటి. కాలరేఖ మీద ఫలానా చోట పాతుకుని ఉండేది ఇంకొకటి. మొదటిది ఎద్దు మీద వేసిన ముద్ర. రెండోది పొలం గట్టున పాతిన రాయి. మధ్యలో కొత్త సీన్ దూర్చితే ఎద్దులన్నీ ముందుకు జరుగుతాయి, రాయి ఉన్నచోటే ఉంటుంది. 'ఇక్కడ హీరో నవ్వు బాలేదు' అని రాసి పెట్టిన రాయి, ఇప్పుడు ఎవరిదో ఏడుపు సీను దగ్గర నిలబడి ఉంటుంది. రాళ్ళని కూడా జరపాలా అన్నదానికి ప్రీమియర్‌లో ప్రత్యేకంగా ఒక సెట్టింగ్ ఉంది. కోడ్ రాసేవాళ్ళకి ఈ బాధ తెలుసు. 'నలభయ్యో లైను చూడు' అని రాసిన నోట్ వారం తిరిగేసరికి వేరే లైనుని చూపిస్తుంది. ఇందులో ఏది సరైన గుర్తు అని అడిగితే జవాబు లేదు. మనం గుర్తుంచుకోవాలనుకున్నది ఆ దృశ్యాన్నా, ఆ క్షణాన్నా అన్నది ముందు తేల్చుకోవాలి.

మైనపు పెన్సిల్‌కి లేని ఇంకో శక్తి సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. మార్కర్‌లో మాటలు రాయొచ్చు, రంగు మార్చొచ్చు. ఎవిడ్‌లో చాలాకాలం వీటిని లొకేటర్లు అనేవారు. డైరెక్టర్ అభ్యంతరాలు, సౌండ్ వాళ్ళకి సూచనలు, గ్రాఫిక్స్ ఇంకా రాలేదన్న ఫిర్యాదులు అన్నీ వాటిలోనే. అంటే ఒక సినిమా ఎలా వాదించుకుంటూ తయారైందో దాని మార్కర్లు చదివితే తెలుస్తుంది. రచయిత చిత్తుప్రతిలో కొట్టివేతలు ఎలాంటివో ఇవీ అలాంటివే.

కానీ ఆ చిత్తుప్రతిని దాచేదెవరు? సినిమా ఎగుమతి చేయగానే ఆ మాటలన్నీ ప్రాజెక్ట్ ఫైల్లోనే ఉండిపోతాయి. ఆ ఫైలు తెరవాలంటే అప్పటి సాఫ్ట్‌వేర్, అప్పటి మెషిన్ కావాలి. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ప్రింటే మిగల్లేదు, ఇక మార్కర్లు ఎవరికి కావాలి అనొచ్చు. కానీ ఆ పోలికే భయపెట్టాలి. అప్పుడు ప్రింటు కూడా పని అయిపోయాక అక్కర్లేని సరుకే అనుకున్నారు. కవి చిత్తుప్రతుల కోసం వెతికే మనం, ఎడిటర్ చిత్తుప్రతి అనేదొకటి ఉంటుందని ఇంకా ఒప్పుకోలేదు.

ఈమధ్య ఒక్క జాతి గుర్తు మాత్రం చాటునుంచి బయటికొచ్చింది. 2020 నుంచి యూట్యూబ్‌లో వీడియో కింద సమయాలు వరసగా రాస్తే, అవి అధ్యాయాలై ప్రోగ్రెస్ బార్‌ని ముక్కలు చేస్తున్నాయి. ఎడిటర్ తన కోసం పెట్టుకున్న గుర్తు ఇప్పుడు చూసేవాడి చేతికి వచ్చింది. వాడు దాంతో చేస్తున్న పనేమిటంటే, మధ్యలో ఉన్నదంతా దాటేయడం. దేన్నీ దాటిపోకుండా ఉండేందుకే మొదట్లో గుర్తు పెట్టారు.