ఒడలికి తగిన చొక్కా

వస్త్రమును చుట్టుకొనుట ఒక విద్య. కత్తిరించి కుట్టుకొనుట మరియొక విద్య. మన దక్షిణదేశమున ఈ రెండును చిరకాలము ప్రక్కప్రక్కనే వర్ధిల్లినవి. పంచె, ఉత్తరీయము, చీర మొదటి తెగకు చెందినవి. కంచుకము, కూర్పాసము, అంగరకా, చొక్కా రెండవ తెగవి. కుట్టిన బట్టలన్నియు పరదేశీయుల వెంట వచ్చినవే యని కొందరందురు. కాని కంచుకము, కూర్పాసము అను ప్రాచీన శబ్దములే ఆ మాటను పూర్తిగా అంగీకరింపనీయవు.

విజయనగర కాలమున రాజసభకు పోవువారు పొడుగైన అంగీయు, కుళ్ళాయియు ధరించుట మర్యాద. లేపాక్షి చిత్రములందు కుళ్ళాయి ధరించిన పురుషులను నేటికిని చూడవచ్చును. శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన చాటువొకటి, ఆ మహాకవి కుళ్ళాయియు కూర్పాసమును తగిలించుకొని కన్నడ రాజసభయందు పడిన అవస్థను హాస్యముగా చెప్పుచున్నది. తళ్ళికోట యుద్ధము (1565) తరువాత ఆరవీటి ప్రభువులు పెనుగొండ, చంద్రగిరి, వేలూరులను క్రమముగా రాజధానులు చేసికొనిరి. అట్టి సభావేషము మన వేలూరు కోటలోను సంచరించియే యుండును.

అదే కోటలో 1806 జూలై 10వ తేదీ తెల్లవారుజామున జరిగిన సిపాయిల తిరుగుబాటు వేషభాషల చరిత్రలో మరువరానిది. సర్ జాన్ క్రాడక్ చెన్నపట్టణపు సేనాధిపతిగా నున్నపుడు సిపాయిలకు క్రొత్త తలపాగాను నిర్ణయించిరి. దానికొక తోలుకుచ్చు. నుదుట బొట్టు, చెవులకు పోగులు పనికిరావనిరి, గడ్డము గీయింపుమనిరి. మే నెలలోనే ఆ తలపాగాను నిరాకరించినవారిలో ఒక హిందువునకును, ఒక మహమ్మదీయునకును తొమ్మిదేసి వందల కొరడాదెబ్బల శిక్ష విధించిరి. కోటలో బందీలుగా నున్న టిప్పూ సుల్తాను కుమారుల సన్నిధియు ఆ నిప్పునకు గాలియయ్యెను. తిరుగుబాటును ఆర్కాటునుండి వచ్చిన గిల్లెస్పీ కర్కశముగా అణచెను. పిదప ఆ ఉత్తరువులు రద్దయినవి. గవర్నరు బెంటింకును, క్రాడకును వెనుకకు పిలువబడిరి. తలపై పెట్టుకొను గుడ్డ చిన్నదే. కాని దానిని నిర్ణయించు అధికారము ఎవరిదను ప్రశ్న చిన్నది కాదు.

ఆ శతాబ్దముననే కుట్టుమిషను పుట్టినది. ఫ్రాన్సులో తిమోనియే 1830లో ఒక యంత్రమును నిర్మింపగా, తమ జీవనము పోవునని భయపడిన దర్జీలు ఆతని యంత్రములను ధ్వంసము చేసిరి. అమెరికాలో ఇలయాస్ హోవే 1846లో సూదిమొనవద్దనే కన్నముంచి, రెండు దారములతో కుట్టు పద్ధతికి హక్కు పొందెను. 1851లో సింగరు తన మిషనుకు హక్కు సంపాదించెను. అటుపిమ్మట ఆ మిషను మన దేశపు వీథి అరుగులకును, గృహములకును ప్రాకినది.

యంత్రములను శంకించిన గాంధీమహాత్ముడు సైతము 1924లో కుట్టుమిషనుకు మినహాయింపు నిచ్చెను. భార్య చేతితో కుట్టుచు పడు శ్రమను చూడలేక సింగరు దానిని కనిపెట్టెనని, ప్రేమనుండి పుట్టిన యంత్రమని ఆయన మెచ్చుకొనెను. అంతకు మూడేండ్ల ముందు, 1921 సెప్టెంబరు 22న, మధురలో ఆయనయే చొక్కాను విడిచి కొల్లాయి కట్టెను. బీదవానికి లేని చొక్కా తనకేల యనునది ఆయన భావము. ఇక 1954లో ముఖ్యమంత్రి పదవి చేపట్టి, మన గుడియాత్తము ఉపయెన్నికలో గెలిచిన కామరాజు నాడారుగారి పొట్టిచేతుల ఖద్దరు చొక్కాను ఎరుగనివారెవరు?

గుడియాత్తము నేతయూరు. అచటి గళ్ళ లుంగీలు దూరదేశములకును పోయినవి. 1958 ప్రాంతమున అమెరికాలో మద్రాసు గళ్ళ చొక్కాలపై మోజు పుట్టినది. ఉతికినప్పుడెల్ల రంగు వదలుచుండగా, వర్తకులు ఆ లోపమునే గుణముగా ప్రకటించి అమ్ముకొనిరి. నేడు మరమగ్గములు పెరిగి, చేతిమగ్గపు చప్పుడు తగ్గినది. కుట్టి సిద్ధముగా వచ్చు చొక్కాలు దర్జీ కొట్టునుగూడ బక్కచిక్కించినవి.

ఉద్యోగ విరమణానంతరము నేను చొక్కాలు కుట్టుకొనుటను వినోదముగా చేపట్టితిని. ముప్పదియేండ్లు బల్లపై వంగి లెక్కలు వ్రాసినవాని కుడిభుజము ఎడమదానికంటె కొంచెము వాలియుండును. 38, 40, 42 అను అంకెలతో అంగడిలో వ్రేలాడు చొక్కాకు ఈ సంగతి తెలియదు. ఎవని కొలత వానిది.

పని కష్టమైనది కాదు, ఓర్పు కావలెను. చేనేత బట్ట మొదటి తడికి ముడుచుకొనును గనుక, రాత్రి నానవేసి నీడనారవేయవలెను. చక్కగా పట్టిన పాతచొక్కా నొకదానిని విప్పి, దాని భాగములను వార్తాపత్రికపై గీసికొన్న అచ్చు సిద్ధము. రొమ్ము చుట్టుకొలతకు నాలుగైదు అంగుళముల వదులు చాలును. పడుగు నిలువుగా వచ్చునట్లు కత్తిరింపవలెను. చంక మరీ క్రిందికి దిగినచో చేయెత్తినపుడెల్ల చొక్కాయంతయు పైకి లేచును. గుడియాత్తపు గళ్ళబట్టయైనచో గుండీపట్టీవద్ద రెండువైపుల గళ్ళును కలియవలెను. పనివాని నేర్పు తెలియునది అచటనే. మొదట కచ్చాకుట్టు వేసి, తొడిగి, అద్దమున చూచుకొని, పిదప మిషనుపై కుట్టవలెను. కాజాలు చేతితో కుట్టిననే అందము.

ఇంటింట కుట్టుకొన్నచో దర్జీ గతి యేమని అడుగువారుందురు. తిమోనియే యంత్రములను విరుగగొట్టినవారి భయమును తేలికగా త్రోసివేయరాదు. కాని నా అనుభవమిది: ఒక్క కాలరును స్వయముగా త్రిప్పి కుట్టినవాడు మరల దర్జీతో కూలికై బేరమాడడు. ఒక్కొక్క పోగును చూచి కత్తెర వేసినవాడు నేతగాని బట్టను చౌకగా అడుగడు. పండుగకు కొత్త కోటును దర్జీ చేతనే కుట్టింతును. అతడు అడిగినంత ఇత్తును.

మన యువకులు నెలకొక ఆదివారము కత్తెర పట్టిన చాలును. మనవారు నేసిన బట్టను, మన కొలతకు, మన చేతితో కుట్టి తొడుగుకొనుటకు ఎవరి ఉత్తరువును అక్కరలేదు. వేలూరు కోటగోడల నీడన నివసించు మనకు ఆ స్వేచ్ఛ విలువ ఇతరులకంటె కొంచెము ఎక్కువగానే తెలియవలెను.