నంది సీమలో పాత పానాలు

నందికొండ పేరు వినగానే మనవారికి భోగనందీశ్వరుని గుడి, కొండగాలి జ్ఞాపకానికి వస్తాయి. మేము మనవి చేయబోయేది మాత్రం ఇనుప సామాను ముచ్చట. చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి ప్రాంతాల తెలుగిళ్ళలో అటకమీది చెక్కపెట్టె దించితే సుత్తి, పట్టకారు, బాడిసలతోపాటు ఒకటి రెండు పాత పానాలు కనిపించే ఇళ్ళు ఇంకా వున్నవి.

సుత్తీ, ఉలీ, బాడిసా మన కమ్మరి కొలిమిలో పుట్టగలవు. పానా అటువంటిది కాదు. బోల్టు వచ్చిన చోటికే అదీ వస్తుంది. ఈ సీమకు బోల్టులను మూటగట్టి తెచ్చినవారిలో రైలు ముఖ్యము. బెంగుళూరు–చిక్కబళ్ళాపురం లైట్ రైల్వే 1915లో నడిచింది. పట్టాల నడుమ రెండున్నర అడుగులే! అప్పటి మైసూరు దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. నందికొండ చెంతనున్న ముద్దేనహళ్ళి వారి జన్మస్థలము. పూర్వీకులది గిద్దలూరు సీమలోని మోక్షగుండం. వారిదీ మనవలె వలస వచ్చిన కుటుంబమే. ఆ చిన్నరైలు పోయింది. 2013 నాటికి కోలారు దాకా పెద్ద పట్టాలు పడ్డాయి.

ఆనాటి ఇంగ్లీషు యంత్రాలకు విట్‌వర్త్ కొలతల మరలు వుండేవి. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ఈ కట్టుబాటు ప్రతిపాదించక ముందు ఏ కార్ఖానా మర దానిదే. ఇందులో ఒక తిరకాసు వున్నది. విట్‌వర్త్ పానామీద 1/2 అని వుంటే అది బోల్టు కాడ లావు, పానా నోరు కాదు. నోరు 0.92 అంగుళము, అనగా సుమారు 23.4 మిల్లీమీటర్లు. అమెరికా పద్ధతి పానామీద అదే 1/2 వుంటే నోరు అర అంగుళమే, 12.7 మిల్లీమీటర్లు. మెట్రిక్ పానాలలో 23 దూరదు, 24 వదులు. వదులు పానాతో బలవంతం చేస్తే నట్టు మూలలు అరిగి గుండ్రమవుతుంది. ఆపైన ఉలీ సుత్తే గతి.

మన దేశంలో మెట్రిక్ కొలతలు 1958 అక్టోబరులో మొదలైనవి. క్రమంగా పాత పానాలకు పని తగ్గింది. పెద్దలు పోయి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పిల్లలు వాటిని తూకానికి వేస్తున్నారు. బెంగుళూరు చిక్‌పేట ఆదివారపు సంతలో ఇటువంటి సరుకు నేలమీద పరచి అమ్మడం చూడవచ్చు. మాకు బాధ కలిగించేది ఇదే. ఇంట ఒక పాత ఇంగ్లీషు మోటారు సైకిలో, నీటి ఇంజనో వున్నంతవరకు దానికి ఆ పానాయే దిక్కు.

సంతలో కొనేవారు మెరుపు చూసి మోసపోరాదు. పూత లేనిచోట ఆకురాయిని మెల్లగా నడిపితే గట్టి ఉక్కుమీద జారుతుంది, మెత్తని సరుకును కొరుకుతుంది. నోటి రెండు అంచులూ సమాంతరంగా వుండాలి. ఏ నట్టుకైనా సరిపోయే జారుడు దవడ పానాను స్వీడన్‌లో యోహాన్సన్ అనే ఆయన 1892లో రూపొందించాడు. ఇంట ఒకటి వుండదగినదే గాని, బిగిసిన నట్టు దగ్గర మేము దానిని నమ్మము; దవడ సడలుతుంది.

దొరికిన పానాను సానబెట్టవద్దు, అంకెలు చెరిగిపోతాయి. కిరసనాయిలులో ఒక రాత్రి నానబెట్టి ఇత్తడి బ్రష్షుతో తోమి, నూనెగుడ్డతో తుడవండి. అది ఏ ఇంజనుది, ఎవరి చేతిది అన్నది ఇంటి పెద్దలను ఈ ఉగాదినాడే అడిగి, చీటీమీద తెలుగులో రాసి కాడకు కట్టండి.