సర్కారు బాకీ ముందా, షావుకారు బాకీ ముందా? 1868 నాటి బొంబాయి తీర్పు

దివాలా తీసిన కంపెనీ ఆస్తి అమ్మితే వచ్చే డబ్బు అన్ని బాకీలకూ సరిపోదు. మరి ముందు తీసుకునేది ఎవరు? మన దేశంలో ఈ ప్రశ్నకు తరతరాలు చెల్లిన జవాబు 1868లో బొంబాయి హైకోర్టు ఇచ్చింది.

అమెరికా అంతర్యుద్ధం ముగిసి 1865లో పత్తి ధర పడిపోవడంతో బొంబాయిలో షేర్ల బజారు కుప్పకూలింది, కంపెనీలు వరసగా మూతపడ్డాయి. అలా మూసివేత దాకా వచ్చిన బాంబే ల్యాండింగ్ అండ్ షిప్పింగ్ కంపెనీ సర్కారుకూ బాకీ ఉంది. కేసు వేసింది సెక్రటరీ ఆఫ్ స్టేట్. 1858 తర్వాత భారత సర్కారు కోర్టుకెక్కేది ఆ పేరుతోనే.

జస్టిస్ వెస్ట్రాప్ సర్కారు వైపే తీర్పు చెప్పారు. ఇంగ్లండులో రాజు బాకీకి ఉన్న మొదటి హక్కు ఇక్కడా ఉంది, వేరే చట్టం దాన్ని స్పష్టంగా తీసేస్తే తప్ప పోదు అన్నది దాని సారం. రాజు లేని చోట రాజు హక్కు అన్నమాట!

అయితే ఈ హక్కు హామీ లేని అప్పుల మీదే. ఆస్తి తాకట్టు పెట్టుకున్నవాళ్లను ఇది వెనక్కి నెట్టదు. దెబ్బ తగిలేది నోటిమాట మీద చేబదులు ఇచ్చినవాళ్లకు, సరుకు అరువిచ్చిన షావుకారుకు. భర్త ఆస్తి నుంచి రావాల్సిన మహర్ కూడా కోర్టుల లెక్కలో మామూలుగా హామీ లేని అప్పే.

తర్వాత ఈ సూత్రం పాకుతూ పోయింది. పేదరికం వల్ల ఫీజు కట్టకుండా నడిపిన దావాలో సర్కారుకు రావాల్సిన కోర్టు ఫీజుకూ 1875లో బొంబాయి హైకోర్టే దాన్ని వర్తింపజేసింది. అప్పట్లో ఆంధ్ర జిల్లాలకూ పెద్ద కోర్టయిన మద్రాసు హైకోర్టు 1938లో ఆదాయపు పన్ను బాకీకీ అదే అంది. స్వాతంత్ర్యం వచ్చాకైనా పోయిందా అంటే లేదు. రాజ్యాంగం 372వ అధికరణం పాత చట్టాలను కొనసాగించింది కాబట్టి పన్ను బాకీల విషయంలో ఇదీ చెల్లుతుందని 1965లో సుప్రీంకోర్టు తేల్చింది. తాకట్టు ఉన్న అప్పు మీద మాత్రం ఇది పనిచేయదని 2000లో దేనా బ్యాంకు కేసులో మళ్లీ చెప్పింది.

కంపెనీల విషయంలో వరస మార్చింది 2016 దివాలా చట్టం. కార్మికుల జీతాలు, తాకట్టు అప్పులు, ఉద్యోగుల జీతాలు, హామీ లేకుండా ఇచ్చిన రుణాలు అయ్యాకే సర్కారు బాకీ. కానీ సరుకు అరువిచ్చిన వ్యాపారి ఇప్పటికీ సర్కారు వెనకే నిలబడాలి.